మా చిన్నాయన వీపు

సూర్యాపేట,
12 మార్చి 2025

కోదాడలో క్షేమంగా, బహుశా కోపంగా ఉన్న పుష్పక్కకు తమ్ముడు భాస్కర్ ఇక్కణ్ణుంచే కాళ్ళు మొక్కి,

ఫోన్ ఉండగా ఉత్తరమేమిటని నువ్వు అంటావు. ఫోన్‌లో నువ్వు మాట్లాడేది నాకు వినపడదు. వినపడినంత వరకు మనిద్దరికీ పడదు. వీడియో కాల్ చేస్తే అలవాటు కొద్దీ ఫోన్ చెవికి పెట్టుకుంటాను, నువ్వు పావుగంట నా చెవిని చూసి పెట్టేస్తావు. ముప్పై నాలుగేళ్ళు తెలుగు పంతులుగా బతికినవాణ్ణి, నాకు ఉత్తరమే సుఖం.

అసలు సంగతి. ఈ నవంబరు తొమ్మిదికి మన ముత్యం చిన్నాయన పుట్టి నూరేళ్ళు. ఆయన పెళ్ళి చేసుకోలేదు, పిల్లల్లేరు. నీకు డెబ్బై ఏడు, నాకు డెబ్బై రెండు. మనిద్దరం పోతే, మునగాల నుంచి ముత్యం రెడ్డి అనే మనిషి మద్రాసు వెళ్ళి పదకొండేళ్ళలో ముప్పై ఎనిమిది సినిమాల్లో నటించాడని చెప్పే దిక్కే ఉండదు. అందుకే విగ్రహం పెట్టిస్తున్నాను. మునగాల దగ్గర హైవే పక్కన, మా అబ్బాయి సందీప్ దాబా పక్కన, మన సొంత పొలం గట్టున.

ఒక్కటే చిక్కు. యూట్యూబులో పందొమ్మిది పాత సినిమాలు చూశాను. హీరోను చూశాను, విలన్‌ను చూశాను, ద్వారపాలకుల్ని సైతం ఆపి ఆపి చూశాను. చిన్నాయన ఎక్కడా లేడు. ఆయన హీరోగా చేసిన రీళ్ళు ఏ గోడౌన్లోనో కాలిపోయి ఉంటాయని నా నిశ్చయం. చిన్నప్పుడు ఒకసారి ఆయన్నే అడిగాను. "నేను లేకుంటే హీరోయిన్ ఎవలతోటి మాట్లాడేదిరా?" అన్నాడు. హీరోయిన్ మాట్లాడేది హీరోతోనే కదా!

‘కళాదివాకర ముత్యం రెడ్డి: జీవితం, నటన’ అని అరవై పేజీల పుస్తకం కూడా రాసేశాను. ఇక కావలసింది ఆయన ముఖం స్పష్టంగా ఉన్న ఫొటో ఒక్కటే. వెతికి పంపు.

నీ తిట్ల కోసం ఎదురుచూసే
భాస్కర్

*

కోదాడ,
20 మార్చి

తమ్మీ భాస్కరూ, పానం మంచిగుందా, షుగర్ గోలీలు ఏసుకుంటున్నవా,

నీ ఉత్తరం మూడు దినాలు సదివిన. నేను సదువుకున్నది ఐదో తరగతి, మాట్లాడినట్టే రాస్త. పోయినసారి లెక్క నా ఉత్తరం ఎర్ర పెన్నుతోటి దిద్ది మల్ల నాకే పంపినవనుకో, రాఖీ పున్నానికి వచ్చి నీ చేతికి ఆ పెన్నే కడత.

ఫొటో లేదు తమ్మీ. చిన్నాయన మొకం ఉన్న ఫొటో ఈ భూమ్మీదనే లేదు. నా పెండ్లికి మద్రాసు నుంచి ఒక్క పూట వచ్చిండు. గ్రూపు ఫొటో తీసేటోడు ఒకటి, రెండు అన్నడు. మూడు అనే యాల్లకు చిన్నాయన "పులుసుల ఉప్పు ఏసిండ్రా లేదా" అని వంటోళ్ళ దిక్కు తిరిగిండు. అందరియి మొకాలు పడ్డయి, చిన్నాయనది వీపు పడ్డది.

ద్వారపాలకుల దాక ఎతికినవ్ గని, హీరోయిన్ ముంగట ఎవలు నిలబడ్డరో సూసినవా? ఆ కాలంల హీరోలు దినానికి మూడు షూటింగులు చేసేటోళ్ళట. హీరోయిన్ ఏడ్సేది తీసేటప్పుడు హీరో ఇంకోకాడ ఉండేటోడు. గప్పుడు హీరో అంగి తొడిగి, విగ్గు పెట్టి, చిన్నాయనను ఆమె ముంగట నిలబెట్టేటోళ్ళు. కెమెరా చిన్నాయన ఎనక ఉంటది. ఆమె మొకం కనపడతది, ఈయన వీపు కనపడతది. గా వీపే మన చిన్నాయన. ముప్పై ఎనిమిది సినిమాలల్ల వీపే.

నాకెట్ల తెలుసంటవా? నేను ఆ వీపు మీదనే పెరిగిన. నాకు నాలుగేండ్లప్పుడు నన్ను ఉప్పుమూట ఎత్తుకొని వాగు గట్టు దుంకబోయి పడ్డడు. నాకు గీరు కూడ పడనియ్యలే, ఆయన ఎడమ భుజం జారింది. కట్టు కట్టినోడు వంకరగ కట్టిండు. గప్పటి సంది ఆ భుజం రెండు వేళ్ళ మందం కిందికే ఉంటది. సినిమాల అంగి లోపల దూది కుక్కి సమానం చేసేటోళ్ళు. అయినా హీరోయిన్ గట్టిగ ఏడ్సిందంటే చిన్నాయనకు బాధయ్యి భుజం జారేది. దూది ఏం ఆపుతది!

తొమ్మిదేండ్లప్పుడు సూర్యాపేట టెంటు హాల్ల ఆ భుజం సూసి "మా చిన్నాయన" అని లేసి ఒర్రిన. మన బాపు సెంప మీద ఒక్కటిచ్చిండు.

మద్రాసు పోయేనాడు బస్సెక్కుకుంట నాతోటి ఏమన్నడో తెలుసా? "నిన్ను గూడ సినిమాల నిలబెడత పుష్పీ, నీ మొకం మంచిగ పడతది" అన్నడు. గది కాలే, పోనియ్. ఆయన ఎట్లున్నడో యాదికున్నది నాకొక్కదానికే. దాన్ని నువ్వు హీరోను చేసి పాడు చెయ్యకు.

ఎర్ర పెన్ను ముట్టకు.
నీ అక్క పుష్పమ్మ

*

సూర్యాపేట,
2 ఏప్రిల్

పుష్పక్కకు,

వీపా?

ఉత్తరం మడిచి, మంచినీళ్ళు తాగి, మళ్ళీ విప్పి చదివాను. వీపే అని ఉంది.

నలభై ఏళ్ళుగా సూర్యాపేటలో నేను సినిమా హీరో గారి అన్న కొడుకుని. వార్షికోత్సవాల్లో నాటకాలకు నన్నే జడ్జిగా కూర్చోబెట్టారు. ఎందుకు? మా వంశంలో నటన ఉందని! ఇప్పుడు ఆయన వీపైతే నేనెవర్ని? నీ కళ్ళకు శుక్లాలని డాక్టరు చెప్పి రెండేళ్ళయింది. ముందు ఆపరేషన్ చేయించుకో, తర్వాత సినిమా విమర్శ రాద్దువు.

పైగా పని మొదలైపోయింది. మిర్యాలగూడలో కాటయ్య అనే ఆయనకు విగ్రహాల షెడ్డు ఉంది. మొండేలు ముందే పోసి పెట్టుకుంటాడు, తలకాయ మాత్రం మనిషిని బట్టి చేస్తాడు. ఏదో పార్టీవాళ్ళు చెప్పి తీసుకుపోని మొండెం ఒకటి సిద్ధంగా ఉంది. కుడి చెయ్యి ఎత్తి దూరంగా ఏదో చూపిస్తుంటుంది, జేబులో రెండు పెన్నులు. నటుడికి పెన్నులెందుకయ్యా అంటే "ఆటోగ్రాఫులకు సార్" అన్నాడు. చెయ్యి విజయవాడ వైపు తిప్పితే మద్రాసు దారి చూపిస్తున్నట్టు ఉంటుందని నేనూ సర్దుకున్నాను.

ముఖం సంగతి సందీప్ చూసుకున్నాడు. బాపు ఫొటో, నా ఫొటో ఫోన్‌లో వేసి, రెండూ కలిపి పాతకాలపు హీరోలా చెయ్యమన్నాడట. ఫోన్ చేసిచ్చింది. అబ్బ, ఏం తేజస్సు! ఎక్కడో బాగా చూసిన ముఖంలా తోచింది. చిన్నాయనే అయి ఉంటాడు. సూర్యాపేట నుంచి మునగాల దాకా ఫ్లెక్సీలు కట్టమని ఇచ్చేశాం.

వీపు మాట మళ్ళీ ఎత్తవద్దని వేడుకుంటూ,
భాస్కర్

*

కోదాడ,
6 మే

తమ్మీ,

నువ్వు బతికున్నవని తెలిసినంక రాస్తున్న ఉత్తరం ఇది.

మొన్న పొద్దుగాల ఆత్మకూరు నుంచి మన సుట్టం శ్రీహరి ఫోన్ జేసి బోరుమన్నడు. "అత్తమ్మా, భాస్కర్ మామ ఎప్పుడు పోయిండు? ఒక్క మాట సెప్పకపోతిరి!" అన్నడు. సూర్యాపేట బస్టాండు కాడ ఫ్లెక్సీల నీ మొకమంట. సుట్టూ దండ, కింద రెండు దీపాలంట. నీకు ఫోన్ జేస్తే ఎత్తలే. నువ్వెన్నడు ఎత్తినవ్ గనక! గని ఆ పూట ఎత్తకపోయేసరికి నిజమే అనుకున్న. సందీప్ ఫోన్ బందు.

ఏడ్సుకుంట బస్సెక్కిన. కండక్టర్ పాపం కిటికీ పక్కన సీటు ఇప్పించిండు. పక్కన కూసున్నామె ఎవలో నాకు తెల్వది, ఆమె గూడ ఏడ్సింది. మునగాల వచ్చేసరికి కరెంటు స్తంభానికి నువ్వు! రంగేసిన నెత్తి, సన్న మీసం, సిల్కు అంగి. కింద "1925 – 1989" అని ఉన్నది. ఎనభై తొమ్మిదిల సచ్చినోడు మొన్న దసరాకు మా ఇంట్ల మటన్ తిని పోయిండు గదా అనుకున్న. గప్పుడు పేరు సదివిన. కళాదివాకర ముత్యం రెడ్డి.

ఆడనే దిగిన. సందీప్ దాబాల చాయ్ తాగి, వాణ్ణి నాలుగు తిట్టి, మల్ల కోదాడ బస్సెక్కిన. ఏడ్సిన ఏడుపు వాపస్ రాదు గదా తమ్మీ. నువ్వు సచ్చినవనుకున్నంత సేపు నువ్వు మస్తు మంచోనివి.

బతికుండంగ విగ్రహం పెట్టుకునే షోకు నీకెప్పటి నుంచి పట్టింది? పేరు చిన్నాయనది, మొకం నీది. ఇప్పుడైతే జనాలు ఆయన్ను మర్సిపోతరు. రేపు ఆ బొమ్మ నిలబడ్డదంటే తప్పుగ యాది పెట్టుకుంటరు. ఏది నయం?

పుష్పమ్మ

*

సూర్యాపేట,
14 మే

అక్కా,

ప్రాణాలతో ఉన్న భాస్కర్ రాస్తున్నాను.

నీ ఉత్తరం కంటే ముందే ఆత్మకూరు నుంచి రెండు ఆటోల నిండా జనం దండలతో దిగారు. నేను వాకిట్లో కుర్చీ వేసుకుని ఇడ్లీ తింటున్నాను. మొదట దిగిన మనిషి నన్ను ఎగాదిగా చూసి, "అచ్చం ఆయన పోలికే. తమ్మునివా?" అన్నాడు. నేనే భాస్కర్ను అని చెప్పినా నమ్మలేదు. తెచ్చిన దండలు వాపసు తీసుకుపోకూడదట. నా మెడలో వేసి, టిఫిన్ చేసి వెళ్ళారు.

ఫ్లెక్సీలన్నీ పీకించాను. కానీ షోకు అన్నావు చూడు, అది నొప్పిగా ఉంది. ఆ ముఖం నాదని నాకు తెలియలేదక్కా. అద్దంలో ఇంత మంచిగా ఎప్పుడూ కనపడలేదు.

అయినా వీపు మాత్రం ఒప్పుకోను. నవంబరులో పెద్దమనుషుల్ని పిలిచాను. వాళ్ళ ముందు లేచి ఏమని చెప్పను? మా చిన్నాయన వెనక్కి తిరిగి నిలబడేవాడని చెప్పనా? రుజువుంటే పంపు. లేకుంటే ఆ తలకాయ కాటయ్యను మార్చమంటాను, ఎత్తిన చెయ్యి మాత్రం ఉంటుంది.

మెడ మీద ఇంకా బంతిపూల దురద ఉన్న
భాస్కర్

*

కోదాడ,
3 జూన్

తమ్మీ,

షోకు మాట వాపస్ తీసుకుంటున్న. నీకు అద్దంల కూడ సరిగ సూసుకునే తెలివి లేదని నేను మర్సిన.

రుజువు అడిగినవ్ గదా. మా కోడలు రచన ఇరవై దినాలు టీవీల పాత సినిమాలు పెట్టింది. నాకు మొకాలు మసక మసకగనే కనపడ్డయి, వీపు మాత్రం కనపడ్డది. పదకొండు సినిమాలల్ల దొరికిండు. ఏ సినిమా, ఎన్నో నిమిషమో కాగితం మీద రాసి ఈ కవర్ల పెట్టిన. దాన్ని కూడ దిద్దకు.

ఇంకొకటి. నిన్న రచన నన్ను కార్ల మిర్యాలగూడ తోలుకపోయింది. కాటయ్య షెడ్డు సూసొచ్చిన. ఆడ నలుగురు లీడర్లు వరుసగ నిలబడి చెయ్యెత్తి నన్నే ఎల్లిపొమ్మంటున్నరు. మన బొమ్మ ఆఖరికి ఉన్నది. ముంగట నుంచి సూసిన, పెన్నులు మంచిగనే ఉన్నయి. ఎనకకు పోయి సూసిన. తమ్మీ, వీపు లేదు! సాపుగ గోడ లెక్క ఉన్నది, రెండు ఇనుప సలాకలు బయటికి ఎల్లినయి.

"మా చిన్నాయనకు వీపేదయ్యా?" అన్న. కాటయ్య నా దిక్కు పరేషాన్‌గ సూసిండు. "ఎనక ఎవలు సూస్తరమ్మా? నలభై ఏండ్ల సంది చేస్తున్న, వీపు కావాలన్నోళ్ళు ఒక్కలు రాలే" అన్నడు.

గప్పుడు నాకు నవ్వాగలే. ముప్పై ఎనిమిది సినిమాలు వీపుతోటి చేసిన మనిషికి వీపు లేని బొమ్మ! నవ్వి నవ్వి ఆడనే సిమెంటు బస్తా మీద కూసున్న. జరసేపైనంక ఏడుపొచ్చింది. కాటయ్య నీళ్ళు తెచ్చిచ్చిండు.

ఆ కాగితం పట్టుకొని టీవీ ముంగట కూసో. సూసినంక రాయి, సూడకుండ రాయకు.

పుష్పమ్మ

*

సూర్యాపేట,
22 జూన్

అక్కా,

చూశాను.

మొన్న సందీప్ దాబా బందు పెట్టి ఇంటికొచ్చి, నీ కాగితం చేతిలో పట్టుకుని సినిమా పెట్టాడు. నలభై ఏడో నిమిషం. తోట, వెన్నెల, హీరోయిన్ ఏడుస్తోంది. నేను అలవాటుగా ఆమెనే చూస్తున్నాను. సందీప్ "బాపూ, ఆమెను కాదు, ఇటు సూడు" అన్నాడు. ఆమె ఒక్కసారి వెక్కింది. భుజం జారింది అక్కా.

చిన్నాయన మద్రాసు వదిలేసి వచ్చేసరికి నాకు పదమూడేళ్ళు. మూడేళ్ళు నన్ను సైకిలు మీద హైస్కూలుకు దింపాడు. నేను వెనక క్యారియరు మీద. పోయేటప్పుడు, వచ్చేటప్పుడు నా కళ్ళ ముందు ఆ వీపు తప్ప ఇంకేమీ ఉండేది కాదు. వాన వస్తే దాని వెనకే దాక్కునేవాణ్ణి. పద్యాలు అప్పజెప్పింది దానికే. తప్పు చదివితే ఆ ఎడమ భుజం ఇంకాస్త జారేది. అంత బాగా తెలిసిన మనిషి ఇన్ని సినిమాల్లో నా ఎదురుగా నిలబడితే, జర పక్కకు జరుగవయ్యా అని విసుక్కుని, ద్వారపాలకుల్లో వెతికాను!

పదకొండు చోట్లా ఏడ్చాను. సందీప్ కూడా ఏడ్చాడు. అడిగితే దాబా పొగ అన్నాడు. మేం కూర్చున్నది ఇంట్లో.

అరవై పేజీల పుస్తకం చింపేశాను. కాటయ్యకు చెప్పాను, ఇక మీదట అంతా మా అక్క ఎట్లా చెబితే అట్లానే అని. నాటకాలకు జడ్జిగా నన్ను కూర్చోబెట్టినవాళ్ళు తప్పు చేశారు.

నీ కాగితంలో పద్నాలుగు తప్పులున్నాయి. ఒక్కటీ దిద్దలేదు.

భాస్కర్

*

కోదాడ,
10 అక్టోబర్

బంగారు తమ్మీ,

వీపు అయిపోయింది. ఆరుసార్లు పోయిన మిర్యాలగూడకు. కాటయ్య పాత మొండెం పక్కకు పెట్టి మట్టితోటి కొత్తది మొదలుపెట్టిండు. మెడ కింద గుంట, జబ్బ ఎముక, జారిన భుజం అన్నీ నేను చేతితోటి తడిమి సెప్పిన. ఇంకింత దించు, ఇంకింత దించు అని సంపిన ఆయనను. నాలుగోసారి సెంప ఆనిచ్చి సూసిన. నాలుగేండ్లప్పుడు ఎట్లుండెనో గట్లనే ఉన్నది. నా సెంపకు మట్టి అంటింది, కడుక్కోబుద్ధి గాలే. కాటయ్య "నలభై ఏండ్లల్ల మొదటిసారి పని నేర్సుకున్ననమ్మా" అన్నడు.

ఇగ మొకం ముచ్చట. నీది వద్దు, బాపుది వద్దు, ఫోన్ చేసింది అసలే వద్దు. వీపు రోడ్డు దిక్కు ఉండాలె, మొకం మన పొలం దిక్కు ఉండాలె అన్న. కాటయ్య "అట్లయితే ముంగట ఎవలు సూస్తరమ్మా, సాపుగ ఇడిసిపెడత" అన్నడు. సరే అన్న.

నాకు నవంబర్ ఆరున కంటి ఆపరేషన్ పడ్డది. దుమ్ములకు పోవద్దంటున్నరు. ఆ దినం నువ్వే సూసుకో. ఎక్కువ మాట్లాడకు.

పుష్పమ్మ

*

సూర్యాపేట,
12 నవంబర్

అక్కా, కళ్ళకు గంతలు తీశాక చదువుకో. లేదా రచనతో చదివించుకో, నవ్వకుండా చదవమను.

తొమ్మిదో తేదీ ముహూర్తానికి పెద్దమనిషి వచ్చి తాడు లాగాడు. గుడ్డ పడింది. చప్పట్లు మొదలై మధ్యలో ఆగిపోయాయి. ఎదురుగా వీపు. ఆయన దండ పట్టుకుని నా వంక చూసి, ఇటు కాదు కాబోలనుకుని, విగ్రహం చుట్టూ తిరిగి పొలంలోకి దిగాడు. మొన్నటి వానకు అంతా బురద. ఒక చెప్పు దిగబడింది. ఆయన వెనక పన్నెండు మంది దిగారు, పద్నాలుగు చెప్పులు పోయాయి. అటు వెళ్ళి చూస్తే ముఖం లేదు. "పంతులు గారూ, జర పని మిగిలినట్టున్నది" అన్నాడు మెల్లగా. ఆ బురదలో నిలబడే మైకు అందుకున్నాను. నాలుగు పేజీల ఉపన్యాసం జేబులోనే ఉండిపోయింది. "ఈయన మా చిన్నాయన. ముంగట నిలబడ్డ మనిషి మంచిగ కనపడాలని ఈయన అటు తిరిగి నిలబడ్డడు" అన్నాను. ఇంకేమీ రాలేదు. ఈసారి చప్పట్లు మధ్యలో ఆగలేదు.

అప్పుడు రోడ్డు మీద నుంచి ఫొటోగ్రాఫరు, "సార్, అట్లనే నిలబడున్రి" అని అరిచాడు. ఆయన కెమెరా విగ్రహం వెనక ఉంది, పెద్దమనిషి ముందు ఉన్నాడు. తీసి చూపించాడు. ఆ వీపు మీదుగా బురద కాళ్ళ పెద్దమనిషి సాక్షాత్తు సినిమా హీరో! ఆయనకు ఎంత నచ్చిందంటే చెప్పు సంగతి మరిచిపోయాడు. తర్వాత అందరూ వరుస కట్టారు. ఇప్పుడు విజయవాడ పోయే కార్లు కూడా దాబా దగ్గర ఆగుతున్నాయి. నిలబడడానికి సందీప్ పొలంలో నాపరాయి వేయించాడు.

త్వరగా కళ్ళు తెచ్చుకుని రా.
భాస్కర్

*

కోదాడ,
5 డిసెంబర్

తమ్మీ,

డాక్టర్ పొమ్మన్నడు. నీకు సెప్పకుండనే నిన్న రచనతోటి మునగాల పోయిన. నువ్వు పక్కన ఉంటే అందరికి పాఠం సెప్తవని సెప్పలే.

కొత్త కండ్లతోటి మొదలు సూసింది ఆ వీపునే. నా యాదిల ఉన్నదానికి ఎంట్రుక వాసి తేడా లేదు. నాకు శుక్లాలన్నవ్ గదా, ఏమంటవ్ ఇప్పుడు?

రచన నన్ను పట్టుకొని పొలంలకు దించి, నాపరాయి మీద నిలబెట్టింది. తను రోడ్డు మీదికి ఉరికి, ఫోన్ పట్టుకొని "అత్తమ్మా, ఆయన దిక్కు సూడు" అన్నది. సూసిన. మొకం ఉండే కాడ సాపుగ సిమెంటు ఉన్నది. నాకైతే "ఉప్పు ఏసిండ్రా" అని అడుగుతున్నట్టే ఉన్నది. నవ్వొచ్చింది. రచన గప్పుడే తీసింది.

ఆ ఫొటో ఈ కవర్ల పెడుతున్న. కడిగించి రెండు కాపీలు తీసిన, ఒకటి నీకు. ముంగట చిన్నాయన వీపు, ఎడమ భుజం జారి. దాని మీదుంగ నేను. డెబ్బై ఏండ్లయింది ఆయన మాటిచ్చి, నిన్న నిలబెట్టిండు.

మంచిగ సూడు తమ్మీ, నా మొకం మంచిగనే పడ్డది.

నీ అక్క
పుష్పి